డెట్రాయిట్ ప్లేట్ల కథ

డీజే అనే మాట ఇప్పుడు మన ఊళ్లలో పెళ్లి ఊరేగింపుకూ వినాయకుడి నిమజ్జనానికీ అతుక్కుపోయింది. లారీ మీద నిలువెత్తు పెట్టెలు పేర్చి గుండెలదిరేటట్టు పాటలు వేసేవాణ్ణి డీజే అంటున్నాం. నిన్నమొన్నటిదాకా అతన్నే మైకుసెట్టు అబ్బాయి అనేవాళ్లం. బళ్లారిలో పదహారేళ్లు మైకుసెట్లు బాడుగకిచ్చి, క్యాసెట్లు నింపి ఇచ్చే అంగడి నడిపినవాణ్ణి కాబట్టి ఆ పనిని నేను చులకన చేసి మాట్లాడను. అయితే ఆ మాటకు మరో చరిత్ర ఉంది. అందులో డీజే అంటే తన సంగీతం తానే కట్టుకుని, తన డబ్బుతో ప్లేటు అచ్చేయించి, దాని మీద తన సొంత లేబులు అంటించి, ఆ ప్లేట్లు పెట్టెలో పెట్టుకుని దేశదేశాలు తిరిగిన మనిషి. ఆ చరిత్ర అమెరికాలో కార్ల ఊరైన డెట్రాయిట్‌లో మొదలైంది. మా అమ్మాయి కాపురం ఆ ఊరి పక్కనే. రెండుసార్లు వెళ్లి కొన్ని నెలలు ఉండివచ్చాను. అక్కడ చూసినదీ, ఆ తరవాత చదివి, విని కూడబెట్టుకున్నదీ ఇక్కడ రాస్తున్నాను. గ్రామఫోను రికార్డును మేము ప్లేటు అనే అనేవాళ్లం. ఆ మాటే వాడతాను.

డెట్రాయిట్ వైభవమూ పతనమూ రెండూ జనాభా అంకెల్లోనే కనిపిస్తాయి. 1950లో 18 లక్షల 50 వేలు. 1980 నాటికి 12 లక్షలు. 2010 లెక్కల్లో 7 లక్షల 13 వేల చిల్లర. కార్ల కర్మాగారాలు నగరం వదిలి శివార్లకూ ఇతర రాష్ట్రాలకూ పోయాయి. మిగిలినవాటిలో మనుషుల పని యంత్రాలకు పోయింది. 1967 జులైలో నల్లవాళ్ల వాడల్లో చెలరేగిన అల్లర్లలో 43 మంది చనిపోయారు. అప్పటికే మొదలైన తెల్లవాళ్ల వలస ఆ తరవాత వరదైంది. సంగీతానికి తగిలిన దెబ్బ వేరే ఉంది. 1959లో బెర్రీ గార్డీ పెట్టిన మోటౌన్ కంపెనీ నల్లజాతి పాటను ప్రపంచమంతా వినిపించింది. 1972లో ఆ కంపెనీ మూటాముల్లె సర్దుకుని లాస్ ఏంజెలెస్ వెళ్లిపోయింది. దాని స్టూడియోలో ఏళ్ల తరబడి వాయించిన వాద్యగాళ్లలో చాలామంది ఉన్నచోటే ఉండిపోయారు. పెద్ద కంపెనీ ఊరు వదిలితే ఊళ్లోని కళాకారుడి గతి ఏమవుతుందో ఆ తరం పిల్లలు కళ్లారా చూశారు. తరవాతి కథ అర్థం కావడానికి ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

నగరానికి నైరుతి దిక్కున ముప్పై మైళ్ల దూరంలో బెల్విల్ అనే చిన్న ఊరుంది. కార్ల పరిశ్రమలో నాలుగు డబ్బులు చూసిన కొన్ని నల్లజాతి కుటుంబాలు అటువైపు కాపురాలు మార్చాయి. అక్కడి హైస్కూల్లో ముగ్గురు కుర్రవాళ్లు కలిశారు: హువాన్ అట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్. 1962కూ 1964కూ మధ్య పుట్టినవాళ్లు. బడిలో నల్లపిల్లలు కొద్దిమందే. బడి మొత్తంలో మన భాష మాట్లాడేవాళ్లు ఇద్దరు ముగ్గురే ఉంటే వాళ్లు ఎట్లా దగ్గరవుతారో ఈ పత్రిక చదివేవాళ్లకు నేను వేరే చెప్పక్కర్లేదు.

ఆ పిల్లలకు గురువు రేడియో. చార్ల్స్ జాన్సన్ అనే ఆయన 'ఎలక్ట్రిఫయింగ్ మోజో' అనే పేరు పెట్టుకుని డెట్రాయిట్ రేడియోలో రాత్రిపూట పాటలు వేసేవాడు. ముఖం ఎవరికీ చూపించేవాడు కాదు. నల్లవాళ్ల స్టేషన్లో నల్లవాళ్ల పాటలే వెయ్యాలన్న కట్టుబాటు ఆయనకు లేదు. జార్జ్ క్లింటన్ బృందం పాట పక్కనే జర్మనీలోని డ్యుసెల్‌డార్ఫ్ నుంచి వచ్చిన క్రాఫ్ట్‌వెర్క్ వాళ్ల యంత్రసంగీతం వేసేవాడు. కర్మాగారాల శబ్దం మధ్య పెరిగిన పిల్లలకు ఆ జర్మన్ యంత్రాల లయ పరాయిగా తోచలేదు.

అట్కిన్స్‌కు వాళ్ల నాయనమ్మ ఒక చిన్న సింథసైజర్ కొనిపెట్టింది. వియత్నాం యుద్ధం నుంచి తిరిగివచ్చిన రిక్ డేవిస్ అనే ఆయనతో కలిసి సైబోట్రాన్ అనే జంటగా ఏర్పడి, 1981లో 'ఆలీస్ ఆఫ్ యువర్ మైండ్' అనే ప్లేటు వేశాడు. కంపెనీల చుట్టూ తిరగలేదు. డీప్ స్పేస్ అని తామే ఒక లేబులు పేరు పెట్టుకున్నారు. మోజో దాన్ని రేడియోలో వేశాడు. ఒక్క డెట్రాయిట్ పరిసరాల్లోనే వేల ప్రతులు చెల్లిపోయాయి. తరవాత ఒక కాలిఫోర్నియా కంపెనీ వాళ్లను తీసుకుంది. 1983లో 'క్లియర్' వచ్చింది. కొంతకాలానికి ఇద్దరికీ దారులు వేరయ్యాయి. 1985లో అట్కిన్స్ మెట్రోప్లెక్స్ అనే సొంత లేబులు పెట్టి, మోడల్ 500 అనే మారుపేరుతో 'నో యూఎఫ్ఓస్' వేశాడు. 1986లో డెరిక్ మే ట్రాన్స్‌మాట్ పెట్టాడు. సాండర్సన్ తన పేరులోని మూడు పొడి అక్షరాలతో కేఎంఎస్ పెట్టాడు. ఈ సంగీతానికి టెక్నో అనే పేరు నిలవడానికి అట్కిన్స్ చదివిన ఆల్విన్ టాఫ్లర్ పుస్తకం 'ది థర్డ్ వేవ్' ఒక కారణం. యంత్రాలను తమ చేతుల్లోకి తీసుకునే కొత్తతరం తిరుగుబాటుదార్ల మాట అందులో వస్తుంది. కార్ల కర్మాగారంలో యంత్రం తండ్రుల ఉద్యోగం తీసుకుంటే, కొడుకులు యంత్రం చేతనే పాడించారు.

ఆ యంత్రాల సంగతి కొంచెం చెప్పాలి. జపాన్‌కు చెందిన రోలాండ్ కంపెనీ 1980లో 808 అనే డోలుయంత్రాన్ని, ఆ వెంటనే 303 అనే బేస్ యంత్రాన్ని, 1983లో 909ని తెచ్చింది. నిజమైన డోలులాగా, నిజమైన గిటారులాగా లేవని వాద్యగాళ్లు వాటిని పెద్దగా ఆదరించలేదు. కొన్నేళ్లకే తయారీ ఆగిపోయింది. పాత సామాన్ల దుకాణాల్లో, తాకట్టు కొట్లలో చవగ్గా దొరికాయి. చవగ్గా దొరికినందువల్లే అవి బీదపిల్లల చేతికొచ్చాయి. నిజమైన డోలులాగా లేకపోవడమే వాళ్లకు నచ్చింది. మూడు వేల రూపాయలకు కొన్న పాత ఆంప్లిఫయరుతో పదేళ్లు బతికినవాణ్ణి కాబట్టి ఈ ముక్క రాసేటప్పుడు నాకు కొంచెం సంతోషంగానే ఉంది.

ముగ్గురూ గ్రాషట్ అవెన్యూలో, పక్కపక్క వాటాల్లో గదులు తీసుకున్నారు. దగ్గర్లోనే ఈస్టర్న్ మార్కెట్ అనే కూరగాయల మండీ. పైన గదిలో సంగీతం కట్టడం, కింద ప్లేట్లు కట్టలు కట్టడం. లేబులు అంటే నిజానికి ప్లేటు మధ్యలో అంటించే గుండ్రటి కాగితం. దాని మీద ఎవరి పేరుంటే ఆ శబ్దానికి హక్కుదారు వాళ్లు. మోటౌన్ వెళ్లిపోయిన ఊళ్లో ఆ కాగితం విలువ అందరికీ తెలుసు.

ప్లేటు ఎట్లా పుడుతుందో తెలియకపోతే ఈ లేబుళ్ల గొప్పతనం పూర్తిగా అందదు. టేపు మీదున్న సంగీతాన్ని ముందు లక్క పూసిన అల్యూమినియం పళ్లెం మీద సూదితో గాడిగా కోస్తారు. ఆ కోసే యంత్రం లేతు లాంటిది. దాని ముందు కూర్చునేవాడికి చెవీ చెయ్యీ రెండూ పనిచెయ్యాలి. బేస్ ఎక్కువైతే గాడి పక్క గాడిలోకి తెగుతుంది; తక్కువైతే నాట్యశాలలో జనం కదలరు. కోసిన పళ్లేనికి వెండి పూత వేసి, దాని మీద నికెలు పెంచి, ఊడదీస్తే అచ్చు వస్తుంది. రెండు అచ్చుల మధ్య వేడి ప్లాస్టిక్ ముద్దను పెట్టి నొక్కితే ప్లేటు. కొయ్యడానికీ అచ్చుకూ అయ్యే ఖర్చు మూడొందల ప్రతులకైనా మూడు వేలకైనా ఒక్కటే. చిన్న లేబుళ్ల ప్రాణం ఆ ఖర్చు దగ్గరే పోతుంది. పుస్తకాలు సొంతంగా అచ్చేయించుకున్న మన కవులకు ఈ లెక్క బాగా తెలుసు.

డెట్రాయిట్ అదృష్టం ఏమంటే మోటౌన్ పోయినా ఈ పనివాళ్లు పూర్తిగా పోలేదు. ఆర్చర్ అనే కుటుంబం 1965లో పెట్టిన ప్లేట్ల ప్రెస్సు ఊళ్లోనే ఉంది. రాన్ మర్ఫీ అనే తెల్లాయన నేషనల్ సౌండ్ కార్పొరేషన్ పేరుతో గాడి కోసే యంత్రం నడిపేవాడు. పాత మోటౌన్ ప్లేట్లంటే ప్రాణమైన మనిషి. ఈ నల్లకుర్రవాళ్లు వచ్చి అడిగిన విచిత్రాలన్నీ విసుక్కోకుండా చేసి పెట్టాడు. సూది లోపలి నుంచి బయటికి నడిచే ప్లేటు కోశాడు. ఒకే వైపు రెండు గాళ్లు పక్కపక్కనే నడిచే ప్లేటు కోశాడు. సూది ఎక్కడ పడితే ఆ పాట వస్తుంది. మూసిన గాడి అని ఇంకొకటి. మామూలు గాడి చుట్టలు చుట్టుకుంటూ లోపలికి పోతుంది. మూసిన గాడి తన తోకను తానే పట్టుకుంటుంది. నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే ప్లేటుకు ఒక చుట్టు 1.8 సెకన్లు. నిమిషానికి 133 దెబ్బల లయ అయితే సరిగ్గా నాలుగు దెబ్బలు అందులో ఇముడుతాయి. సూది ఎత్తేదాకా ఆ నాలుగు దెబ్బలూ తెల్లవార్లూ తిరుగుతూనే ఉంటాయి. డీజే దాని మీద వేరే ప్లేటు కలుపుకోవచ్చు. మన ఆదితాళం ఆవర్తం తెలిసినవాడికి ఇది అర్థం కావడానికి క్షణం పట్టదు. జెఫ్ మిల్స్ 1994లో 'సైకిల్ 30' అనే ప్లేటులో ఇట్లాంటి గాళ్లు వరసగా వేయించాడు. మర్ఫీ 2008లో పోయాడు. ఆయన కోసిన ప్లేట్ల అంచున, లేబులు కాగితానికి పక్కన, నల్లటి ఖాళీచోట గీసిన చిన్న అక్షరాలు ఇప్పటికీ కొనేవాళ్లు వెలుగుకు పట్టి చూస్తారు.

ప్లేటు అచ్చయ్యాక అసలు కష్టం మొదలవుతుంది. పంపిణీదారు అరువు మీద తీసుకుంటాడు. డబ్బు మూడు నెలలకో ఆరు నెలలకో వస్తుంది, లేదా రాదు. అతను దివాలా తీస్తే సరుకూ పోతుంది, బాకీ పోతుంది. ఇది డెట్రాయిట్ సంగతే అనుకోనక్కర్లేదు. 1988లో మా పక్క పల్లెలోని తత్వాలు పాడే బృందం చేత పాడించి 500 క్యాసెట్లు వేశాను. ఒక టోకు వ్యాపారి, పేరెందుకు గానీ, మూడొందలు అరువు మీద పట్టుకుపోయాడు. మూడో నెల వెళితే అంగడికి తాళం. ఆ పాడినవాళ్లకు నా చేతి డబ్బే ఇచ్చాను.

డెట్రాయిట్ వాళ్లు దీనికి ఒక ఉపాయం కనిపెట్టారు. మైక్ బ్యాంక్స్, జెఫ్ మిల్స్ కలిసి 1989 ప్రాంతంలో అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్ అనే దళం లాంటి లేబులు పెట్టారు. రాబర్ట్ హుడ్ తరవాత చేరాడు. ఫొటోలకు ముఖాలు చూపించరు, ముసుగులు వేసుకుంటారు. పెద్ద కంపెనీలకు పాట అమ్మరు. ముఖం చూపకపోవడం మోజో నేర్పిన పాఠమే అనుకుంటాను. 1992లో బ్యాంక్స్ సబ్‌మెర్జ్ అనే పంపిణీ సంస్థ మొదలుపెట్టించాడు. ఊళ్లోని చిన్న లేబుళ్ల సరుకంతా ఒకచోట చేర్చి, మధ్యలో న్యూయార్కు, లండను దళారులు లేకుండా నేరుగా యూరపుకూ జపానుకూ పంపడం దాని పని. కట్టే చెయ్యి, కోసే చెయ్యి, నొక్కే చెయ్యి, పంపే చెయ్యి నాలుగూ ఒకే ఊళ్లో చేరాయి. ఈ కథలో నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపించేది ఇదే. పాటలు బాగుండడం సరే, ప్రపంచంలో బాగున్న పాటలకేం కొదవ!

మరి కొనేవాళ్లెవరు? ఇక్కడే చిత్రం. 1988లో నీల్ రష్టన్ అనే ఇంగ్లీషాయన పూనికతో లండన్లో 'టెక్నో! ది న్యూ డాన్స్ సౌండ్ ఆఫ్ డెట్రాయిట్' అనే సంకలనం వచ్చింది. సాండర్సన్, ప్యారిస్ గ్రే అనే గాయని కలిసి ఇన్నర్ సిటీ పేరుతో వేసిన 'బిగ్ ఫన్', 'గుడ్ లైఫ్' ఇంగ్లండులో ఇంటింటి పాటలయ్యాయి. డెరిక్ మే 1987లో వేసిన 'స్ట్రింగ్స్ ఆఫ్ లైఫ్' అక్కడి నాట్యశాలల్లో మారుమోగింది. అమెరికాలో మాత్రం రేడియోవాళ్లకూ కంపెనీలకూ ఈ సంగీతం అక్కర్లేకపోయింది. డెట్రాయిట్‌లోనే మ్యూజిక్ ఇన్‌స్టిట్యూట్ అనే నాట్యశాల 1988లో తెరిచి 1989లో మూసేశారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు మనవాళ్లు. వీళ్లు రచ్చ గెలిచి, ఇంటికొచ్చి పక్కింటివాడికి తామెవరో చెప్పుకోవాల్సి వచ్చింది.

అందువల్ల లేబులు బతకాలంటే లేబులు యజమాని తిరగాల్సిందే. వెయ్యి ప్లేట్లు అమ్మితే మిగిలేది మళ్లీ ప్లేటు వెయ్యడానికి చాలీచాలని డబ్బు. యూరపులో ఒక్క రాత్రి వాయిస్తే వచ్చేది దానికన్నా మేలు. ప్లేటు పేరు తెస్తుంది, పేరు పిలుపు తెస్తుంది, పిలుపు తెచ్చిన డబ్బు తరవాతి ప్లేటు అవుతుంది. బెంగళూరు నాగరత్నమ్మ గారు కచేరీలు చేసి సంపాదించిన సొమ్ముతో తిరువయ్యారులో త్యాగరాజ స్వామి సమాధి మందిరం కట్టించింది. 1910లో ముద్దుపళని కావ్యాన్ని పరిష్కరించి అచ్చుకిచ్చింది కూడా ఆమే. తిరిగి పాడి సంపాదించి, తనకు ముఖ్యమనిపించిన పని మీద పెట్టడం మన కళాకారులకు కొత్త కాదు.

ఆ తిరుగుడు ఎట్లా ఉంటుందంటే, శుక్రవారం రాత్రి విమానం, శనివారం రాత్రి ఒక దేశంలో, ఆదివారం తెల్లవారుజామున మరో దేశంలో, మంగళవారానికి ఇంటికి. ఇంటికొచ్చి బాకీల ఉత్తరాలు, లేబులు మీద అక్షరాల తప్పులు, పోస్టాఫీసు వరస. అట్టతో కలిపి ఒక ప్లేటు పావుకిలోకు అటూ ఇటూ. ఎనభై ప్లేట్ల పెట్టె ఇరవై కిలోలు. విమానంలో ఆ పెట్టె తప్పిపోతే రాత్రికి పనిముట్లు లేనట్టే. వాటిలో కొన్ని మళ్లీ దొరకనివి. చెవుల సంగతి ఇంకా దారుణం. 85 డెసిబెళ్ల శబ్దాన్ని ఎనిమిది గంటలు భరించవచ్చని అమెరికా ఆరోగ్య శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు. ప్రతి 3 డెసిబెళ్లకూ ఆ గడువు సగమవుతుంది. ఆ లెక్కన 100 డెసిబెళ్లకు పావుగంట. నాట్యశాలలో డీజే నాలుగైదు గంటలు నిలబడతాడు. నా ఎడమచెవి మైకుసెట్టు పుణ్యమా అని పదేళ్లుగా సన్నగా కూస్తూనే ఉంది, కాబట్టి ఈ అంకెలను నేను ఊరికే చదవలేదు.

బెర్లిన్ వీళ్లకు రెండో ఇల్లయింది. గోడ కూలిన తరవాత, 1991 మార్చిలో, పాతకాలపు వెర్ట్‌హైమ్ అనే పెద్ద అంగడి నేలమాళిగలోని ఇనుప ఖజానా గదిలో ట్రెజార్ అనే నాట్యశాల తెరిచారు. ట్రెజార్ అంటే జర్మన్‌లో ఖజానాపెట్టె. వాళ్లు లేబులు కూడా పెట్టి, మొదటి ప్లేటుగా డెట్రాయిట్ దళం వాళ్లదే వేశారు. తూర్పు, పడమర బెర్లిన్ పిల్లలు మొదటిసారి కలిసి ఆడింది డెట్రాయిట్ నల్లకుర్రవాళ్లు కట్టిన లయకు.

ఈ జీవితాన్ని చివరిదాకా నడిపిన ఇద్దరి మాట చెబుతాను. జెఫ్ మిల్స్ 1980లలో డెట్రాయిట్ రేడియోలో 'ద విజర్డ్' అనే పేరుతో ప్లేట్లు మార్చే వేగానికి జనం నోళ్లు తెరిచేవాళ్లు. దళం నుంచి బయటికొచ్చి 1992లో యాక్సిస్ అనే సొంత లేబులు పెట్టాడు. మూడు ప్లేయర్లూ, పక్కన ఒక 909 పెట్టుకుని వాయిస్తాడు. 2005లో ఫ్రాన్సులోని పాంట్ దు గార్ అనే రోమన్ల నాటి కాలువ వంతెన దగ్గర మాంపెలియె వాద్యబృందంతో కలిసి తన ప్లేట్లను సింఫనీగా వాయించాడు. ఫ్రెంచి ప్రభుత్వం 2007లోనూ 2017లోనూ బిరుదులిచ్చింది.

కెల్లీ హ్యాండ్ కథ ఇంత వెలుగులో లేదు. మగవాళ్లే నిండిన ఈ రంగంలో ఆమె 1990లో సొంత లేబులు పెట్టింది. దానికే తరవాత అకేషియా అని పేరు మార్చింది. కే హ్యాండ్ అనే పేరుతో తానే కట్టి, తానే వాయించి, తానే ప్లేట్లు వేయించింది. ఇంగ్లండులోని వార్ప్ లేబులు 1994లో ఆమె ప్లేటు తెచ్చింది. ముప్పై ఏళ్లు ఖండాలు తిరిగింది. డెట్రాయిట్ నగర సభ 2017లో ఆమెను ఆ నగర సంగీతపు ప్రథమ మహిళగా గౌరవించింది. 2021 ఆగస్టులో 56 ఏళ్ల వయసులో పోయింది. ముగ్గురు కుర్రవాళ్ల కథ చెప్పినన్నిసార్లు ఎవరూ ఈమె కథ చెప్పరు.

లేబులు చేతిలో ఉండడం వల్ల ఏం ఒరిగిందంటే ఒక్క ఉదాహరణ చాలు. 1999లో రోలాండో అనే దళసభ్యుడు కట్టిన 'నైట్స్ ఆఫ్ ద జాగ్వార్' యూరపంతా పాకింది. సోనీ కంపెనీ జర్మన్ శాఖ దాన్ని అడిగితే బ్యాంక్స్ ఇవ్వనన్నాడు. కంపెనీ వాళ్లు స్వరం తప్పకుండా అచ్చంగా అట్లాంటిదే వేరేవాళ్ల చేత కట్టించి బయటికి తెచ్చారు. ప్రపంచం నలుమూలల నుంచీ ఉత్తరాలు వెల్లువెత్తాయి. అంగళ్లవాళ్లు ఆ నకలు అమ్మమన్నారు. సోనీ వెనక్కి తగ్గింది. ఒక వీధిలోని చిన్న లేబులు అంత పెద్ద కంపెనీని నిలదీసిందంటే దాని వెనక ఇరవై ముప్పై దేశాల్లో ఒక్కొక్క ప్లేటుగా సంపాదించుకున్న కొనుగోలుదార్లున్నారు.

లేబులు చేతిలో లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి మన దేశంలోనే ఒకాయన ఉన్నాడు. బొంబాయి సినిమా వాద్యబృందాల్లో వాయించిన చరణ్‌జీత్ సింగ్ గారు 1982లో అవే రోలాండ్ యంత్రాలు, 808, 303, పెట్టుకుని పది రాగాలను డిస్కో లయలో వాయించి ఒక ప్లేటు ఇచ్చారు. గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియా వేసింది. అది చెల్లలేదు, కంపెనీ పట్టించుకోలేదు. అట్కిన్స్ మెట్రోప్లెక్స్ పెట్టడానికి మూడేళ్ల ముందు మాట ఇది. పాత ప్లేట్లు వెతుక్కుంటూ వచ్చిన ఒక డచ్చి అభిమాని కంటపడి, 2010లో మళ్లీ అచ్చయ్యేదాకా ఆ పని సంగతి లోకానికి తెలియదు. డెబ్భై దాటిన వయసులో ఆయన యూరపు తిరిగి వాయించారు. 2015లో పోయారు. ఆయన ప్రతిభ ఎవరికీ తీసిపోదు. గ్రాషట్ అవెన్యూలో ఉన్న నాలుగు చేతులూ ఆయనకు బొంబాయిలో లేవు. క్యాసెట్టు వచ్చి చిన్నవాళ్ల చేతికి ఆ పని అందేసరికి ఆయన ప్లేటు మూలపడిపోయింది.

ఈ శతాబ్దం మొదట్లో ప్లేట్ల అమ్మకాలు కుంగిపోయాయి. 2004లో డీజేల కోసమే పాటలు తంతిమీద అమ్మే బీట్‌పోర్ట్ వచ్చింది. ఇరవై కిలోల పెట్టె పోయి చేతిసంచి మిగిలింది. వెన్నునొప్పి తగ్గినట్టే లేబులు రాబడీ తగ్గింది. ప్లేటు కేవలం గుర్తింపుకార్డు అయిపోయి, తిరుగుడే జీతమైంది. 2020 మార్చిలో కరోనాతో ఆ తిరుగుడు ఒక్క వారంలో ఆగిపోయినప్పుడు ఎంతమందికి పూట గడవడం కష్టమైందో ఊహించవచ్చు. ఆ రోజుల్లో పాత ప్లేట్ల సరుకు అటక మీద ఉన్నవాళ్లు దాన్ని అమ్ముకుని గట్టెక్కారని విన్నాను.

ఇంట గెలుపు కూడా వచ్చింది, ఆలస్యంగా. 2000 మే నెలలో నది ఒడ్డున హార్ట్ ప్లాజాలో డెట్రాయిట్ మొదటి ఎలక్ట్రానిక్ సంగీతోత్సవం ఉచితంగా జరిగింది. దానికి కళాదర్శకుడు ప్లానెట్ ఈ లేబులు యజమాని కార్ల్ క్రెయిగ్. మరుసటి ఏడాది ఉత్సవానికి ముందే ఆయన్ను తీసేశారు. అది వేరే తగాదా. ఉత్సవం చేతులు మారి, టిక్కెట్టు పెట్టుకుని, మూవ్‌మెంట్ పేరుతో నిలిచింది. 2015 జులైలో తానా మహాసభలు జరిగిన కోబో సెంటరు ఆ ప్లాజా పక్కనే. ఆ మూడు రోజులూ మనవాళ్లు వేలమంది అటూ ఇటూ నడిచారు. ఈ సంగతి ఎంతమందికి తెలుసో చెప్పలేను. మా అల్లుడు పదిహేనేళ్లుగా అక్కడ కార్ల కంపెనీలో పనిచేస్తున్నాడు. "మామా, మోటౌన్ మ్యూజియం చూద్దురు గానీ రండి, ఈ టెక్నో అంతా జర్మనీది కదా?" అన్నాడు.

అతని తప్పేం లేదు. 2024 మార్చిలో జర్మనీ వాళ్ల యునెస్కో కమిషను బెర్లిన్ టెక్నో సంస్కృతిని తమ దేశపు వారసత్వ జాబితాలో చేర్చింది. బెర్లిన్ దాన్ని ముప్పై ఏళ్లు సాకింది. ఆ గౌరవం దానికి చెల్లుతుంది. కావేరి ఒడ్డున పుట్టిన త్యాగరాజు తెలుగు కీర్తనలను తమిళులు గుండెల్లో పెట్టుకుని కాపాడారు. అయితే ఆ కీర్తన ఏ భాషదో పాడే ప్రతి నోటికీ తెలుసు. మాట ఉంది కాబట్టి. టెక్నోలో మాట లేదు. ఎవరిదో చెప్పేది మధ్యలో అంటించిన ఆ గుండ్రటి కాగితం ఒక్కటే.

చివరికి అల్లుణ్ణి వెంటబెట్టుకుని ఈస్ట్ గ్రాండ్ బులెవార్డ్‌లో 3000 నంబరు భవనానికి వెళ్లాను. ఒకప్పుడు అది చాకిరేవు కార్మికుల సంఘం కార్యాలయం. సబ్‌మెర్జ్ దాన్ని కొనుక్కుంది. ముందే చెప్పి వెళ్లాలి. పైన ఒక గదిలో యంత్రాలూ పాత ప్లేట్లూ చూడడానికి పెట్టారు. కింద చిన్న అంగడి. నేనొక ప్లేటు కొని, కాగితం లేబులుకు పక్కనున్న నల్లచోటును కిటికీ వెలుగుకు పట్టాను. మర్ఫీ గీసిన అక్షరాలున్నాయి. అల్లుడు కళ్లద్దాలు పైకి తోసి, నా చేతిలోంచి ప్లేటు తీసుకుని చాలాసేపు చూశాడు. తరవాత ఇంకో రెండు కొన్నాడు. వాళ్లింట్లో ప్లేయరు లేదు.